విశాఖలో టీయూ-142ను తోక నుంచి చూడండి

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన టీయూ-142 విమానం ముందు ఫొటో దిగి వచ్చేస్తే అసలు సంగతి చూడనట్టే. అది మన నౌకాదళం 312 స్క్వాడ్రన్ విమానం. సబ్‌మెరైన్ల వేట దాని పని. కాబట్టి ముందు రోడ్డుకు అవతల ఉన్న కురుసుర సబ్‌మెరైన్ చూసి రండి. వెతకాల్సింది ఎలాంటిదో తెలిస్తే వెతికే విమానం తేలిగ్గా అర్థమవుతుంది.

తోక దగ్గర మొదలుపెట్టండి. నిలువు రెక్క కొసన వెనక్కి పొడుచుకొచ్చిన బూమ్ ఉంటుంది. అందులో ఉండేది మ్యాడ్ (మాగ్నెటిక్ అనామలీ డిటెక్టర్) అనే పరికరం. సబ్‌మెరైన్ ఉక్కు వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను అది పసిగడుతుంది. విమానంలోనూ లోహం, కరెంటు తీగలు ఉంటాయి కనుక వాటికి వీలైనంత ఎడంగా పెట్టారు. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా బాగా పడిపోతుంది. అందుకే విమానం కిందికి దిగి ఎగరాలి. మ్యాడ్‌తో సముద్రమంతా గాలించడం కుదరదు. ఆ పని సోనోబాయ్‌లది: పారాచూట్‌తో నీళ్లలో పడి, మైకును లోతుకు దించి, విన్న శబ్దాన్ని రేడియోలో పైకి పంపుతాయి. చోటు ఉజ్జాయింపుగా తెలిశాక ఖాయం చేసుకోవడానికి మ్యాడ్.

తోక చివరి తుపాకులతో సబ్‌మెరైన్‌ను కొడతారని చాలామంది అనుకుంటారు. అవి వెంటపడే ఫైటర్ల కోసం. సబ్‌మెరైన్ మీదికి వెళ్లేవి పొట్టలోని టార్పెడోలు, నీటి లోతులో పేలే డెప్త్ చార్జులు.

ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కో ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు. నాలుగు ఇంజన్లకు 32. ఒక్కో ఇంజను శక్తి సుమారు 15,000 హార్స్‌పవర్. అంత శక్తిని ఒకే ప్రొపెల్లర్‌తో వాడుకోవడం కష్టం.

ఇక సంవత్సరాలు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. విమానం వయసు వేరు, స్క్వాడ్రన్ వయసు వేరు. 312 మొదలైంది 1976లో, గోవాలో, వాయుసేన నుంచి వచ్చిన సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలతో. టీయూ-142లు 1988లో వచ్చాయి. తర్వాత స్థావరం తమిళనాడులో అరక్కోణం దగ్గరి నౌకాదళ స్థావరం రాజాళికి మారింది. 2017 మార్చి 29న రిటైరైంది టీయూ-142లు మాత్రమే. 312 అప్పటికే అమెరికాలో తయారైన పీ-8ఐ విమానాలకు మారింది. ఒకప్పుడు గోవాలో ఉన్న ఐఎల్-38 విమానాలను ఈ లెక్కలో కలపకండి, వాటిది 315 స్క్వాడ్రన్.

పీ-8ఐ ఫొటో దొరికితే దాని తోక కూడా చూడండి. అమెరికా నేవీ అదే రకానికి చెందిన తన పీ-8ఏలో మ్యాడ్ వద్దనుకుంది. మనవాళ్లు అడిగి పెట్టించుకున్నారు.