ఏజెన్సీ (గిరిజన ప్రాంత) క్లయింటుతో మాట్లాడటం: జూనియర్ లాయర్లకు ఒక పూట శిక్షణ

పోడు పట్టా (అడవి కొట్టి సాగు చేసుకుంటున్న భూమికి హక్కు పత్రం) కేసు ఒకటి ముందు పెట్టుకుని నేర్పితే ఈ పని త్వరగా ఒంటబడుతుంది. ఉపన్యాసం పది నిమిషాలు చాలు. నలుగురేసి చొప్పున కూర్చోబెట్టండి: లాయరు, కోయ క్లయింటు, దుబాసీ, పక్కనుంచి గమనించేవారు. ఇరవై నిమిషాలకోసారి పాత్రలు మార్చండి. క్లయింటు వేషం కట్టేవారికి రెండు షరతులు చెవిలో చెప్పాలి: తేదీ చెప్పకూడదు, ఏది అడిగినా ముందు "ఔను సార్" అనాలి.

మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టకూడదు. "మీ చేను సంగతి మొదట్నుంచి చెప్పండి" అని ఊరుకోవాలి. జూనియర్లు తడబడేది ఇక్కడే. అవతలి మనిషి కాసేపు మాట్లాడకపోతే ఆగలేక, "2005కు ముందు నుంచే సాగు చేస్తున్నారు కదా?" అంటారు. ఔననే జవాబొస్తుంది, అది అఫిడవిట్‌కెక్కుతుంది, విచారణలో మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజన రైతు 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమిని అనుభవిస్తూ ఉండాలి. భద్రాచలం వైపు కాలం పట్టుకోవడానికి గోదావరి వరదలు పనికొస్తాయి. కాకపోతే ఏ వరదో తేల్చుకోవాలి. ముసలివాళ్లు పెద్ద వరదంటే చాలాసార్లు 1986 నాటిది, 75.6 అడుగులొచ్చింది. కుర్రవాళ్లకు 2022 జులైదే పెద్దది. మనకు కావలసింది 2006 ఆగస్టు వరద. అయినా "దానికి ముందే పోడు కొట్టాం" అంటే సరిపోదు, ఆ ఎండాకాలంలో కొట్టినా ఆ మాట నిజమే. "ఆ వరద నాటికి ఆ చేలోంచి ఎన్ని పంటలు ఇంటికొచ్చాయి?" అని అడగండి. ఒక్క వానాకాలం పంట వచ్చిందన్నా 2005లో విత్తినట్టే. ఆ మాటను ఊళ్లో ఇద్దరు పెద్దల చేత విడివిడిగా చెప్పించి రాసుకోండి. రాతపూర్వకమైన పెద్దల వాంగ్మూలాన్ని నియమాలు సాక్ష్యంగా ఒప్పుకుంటాయి.

దుబాసీగా సర్పంచి, భూమితో లాభమున్న బంధువు, ఫారెస్టు వాచరు వద్దు. దుబాసీని క్లయింటు పక్కన, కాస్త వెనక కూర్చోబెట్టి, లాయరు క్లయింటునే చూసి మాట్లాడాలి. "అతన్ని అడుగు" అనకూడదు. రెండు నిమిషాల మాటకు "లేదంటున్నాడు" అని తేల్చేస్తే ఆపి, మళ్లీ వాక్యం వాక్యం చెప్పించాలి. భారతీయ సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షను కింద గోప్యత దుబాసీకీ వర్తిస్తుంది, ఆ సంగతి ఇద్దరికీ ముందే చెప్పాలి. క్లయింటు "నువ్వు" అన్నా లాయరు "మీరు" అనే అనాలి. కోటు వేసుకున్నాక చాలామంది మరిచే మర్యాద ఇది.

గల్ఫ్ క్యాంపులో ఉన్న కార్మికుడితో ఫోన్లో మాట్లాడేటప్పుడు పద్ధతి తిరగబడుతుంది. అదే గదిలో ఇంకో పదిమంది ఉండొచ్చు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మనిషీ ఉండొచ్చు. అక్కడ "చెప్పండి" అని వదిలేస్తే అతను చెప్పలేడు. "పాస్‌పోర్టు మీ దగ్గర ఉందా? అకామా (నివాస అనుమతి కార్డు) గడువు దాటిందా?" లాంటి ఔను-కాదు ప్రశ్నలే వేయాలి.

గమనించేవారు రెండే లెక్కలు రాయాలి: లాయరు ఎంతసేపు మాట్లాడారు, మొదటి పది నిమిషాల్లో "కదా" ఎన్నిసార్లు వచ్చింది. ఏజెన్సీ పాత్రలో అది మూడు దాటితే మళ్లీ మొదటినుంచి చేయించండి.

చివర "అర్థమైందా?" అని అడగనివ్వకండి. "ఇంటికెళ్లి మీవాళ్లకేం చెప్తారు?" అనాలి. రాసినదంతా కోయలో చదివి వినిపించాకే వేలిముద్ర. అసలు కాగితాలు క్లయింటుకిచ్చేసి జిరాక్సులు ఉంచుకోవాలి.