పీఎంఎస్ఈ కోసం 53.5 మెగాహెర్ట్జ్ రాడార్‌ను సెట్ చేసుకోవడం ఎలా?

ధ్రువాల దగ్గర వేసవిలో 80–90 కి.మీ. ఎత్తు నుంచి వచ్చే బలమైన రాడార్ ప్రతిధ్వనులే పీఎంఎస్ఈ (పోలార్ మీసోస్ఫియర్ సమ్మర్ ఎకోస్). వేసవైనా అక్కడ ఉష్ణోగ్రత 150 కెల్విన్‌ కంటే దిగువకు పడిపోయి మంచు రేణువులు ఏర్పడతాయి. అవి ఎలక్ట్రాన్లను పట్టేసుకుని వాటి వ్యాపనాన్ని మందగింపజేస్తాయి. అందుకే గాలి సుడుల వల్ల పుట్టిన సన్నటి హెచ్చుతగ్గులు వెంటనే చెరిగిపోవు. రాడార్ తన తరంగదైర్ఘ్యంలో సగం ఉన్న హెచ్చుతగ్గుల్నే చూస్తుంది, అంటే ఇక్కడ 2.8 మీటర్లు. కింది లెక్కలు నార్వేలోని ఆండోయాలో ఉన్న మార్సీ రాడార్ ఫ్రీక్వెన్సీకి వేసినవి. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌దీ దాదాపు ఇదే ఫ్రీక్వెన్సీ. అయితే అక్కడ మీసోస్ఫియర్‌ (సుమారు 50–90 కి.మీ. ఎత్తులోని వాతావరణ పొర) నుంచి కనిపించేవి పగటిపూట టర్బులెన్స్ (గాలి సుడుల) ప్రతిధ్వనులు, అవీ ఇంకాస్త కింద. ఆ సెట్టింగులను యథాతథంగా తెచ్చి ఇక్కడ వాడకండి.

మే చివరి నుంచి ఆగస్టు చివరిదాకా సీజన్. రాడార్‌ను 24 గంటలూ నడపాలి, ఎందుకంటే బలం పూటపూటకీ మారుతుంది.

300 మీటర్ల స్పష్టత కావాలంటే ఒక్కో కోడ్ బిట్ 2 మైక్రోసెకన్లు ఉండాలి. 16 బిట్ల కాంప్లిమెంటరీ కోడ్ (వరుస పల్సుల్లో జతగా పంపే రెండు కోడ్‌లు) తీసుకుంటే పల్స్ పొడవు 32 మైక్రోసెకన్లు. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 800 మైక్రోసెకన్లు పెడితే డ్యూటీ (ట్రాన్స్‌మిటర్ ప్రసారం చేసే సమయపు వాటా) 4 శాతం. ట్రాన్స్‌మిటర్ అంత భరిస్తుందో లేదో ముందే చూసుకోండి. 85 కి.మీ. నుంచి ప్రతిధ్వని 567 మైక్రోసెకన్లకు వస్తుంది. 70 నుంచి 100 కి.మీ. దాకా శాంపిల్ చేయండి.

32 పల్సులు, అంటే 16 కోడ్ జతలు, కలిపితే ఒక్కో పాయింట్ 25.6 మిల్లీసెకన్లు, డాప్లర్ హద్దు (తప్పు లేకుండా కొలవగల గరిష్ఠ వేగం) సెకనుకు ±55 మీటర్లు. 15 డిగ్రీలు వంచిన బీమ్‌లో సెకనుకు 100 మీటర్ల గాలి కూడా 26 దగ్గరే చూపిస్తుంది కాబట్టి ఇది చాలు. ఆశపడి 128 పల్సులు కలిపితే హద్దు ±14కి పడిపోయి గాలి తప్పుడు గుర్తుతో కనిపిస్తుంది. పైగా లాభమూ లేదు, తర్వాత ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) ఎలాగూ ఆ పని చేస్తుంది. 512 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీకి పట్టేది 13 సెకన్లు.

అసలు చిక్కు మడతపడ్డ ప్రతిధ్వనులతో, అంటే ముందరి పల్స్‌వి ఆలస్యంగా వచ్చి దగ్గరివిగా కనిపించేవాటితో. 800 మైక్రోసెకన్లకు రేంజ్ హద్దు 120 కి.మీ. అరోరా వేళ ఈ-రీజియన్ (సుమారు 90–150 కి.మీ. ఎత్తులోని అయనీకరణ పొర) నుంచి, సైడ్‌లోబుల (ప్రధాన బీమ్ పక్కలకు వెళ్లే బలహీన కిరణాల) గుండా, 205 కి.మీ. దూరం నుంచి వచ్చినది సరిగ్గా 85 దగ్గర కూర్చుంటుంది. కోడ్ జత తారుమారవుతుంది కాబట్టి అది పదునుగా కాక పైకీ కిందికీ చెదిరి ఉంటుంది. అనుమానం వస్తే వ్యవధిని 850కి మార్చండి. నిజమైన పొర 85లోనే ఉంటుంది, మడతపడ్డది 77.5కి జారుతుంది. ఈ పరీక్షను రోజూ షెడ్యూల్‌లోనే పెట్టేయడం మంచిది.

ఉల్కల జాడలు చాలావరకు సెకనులోపే పోతాయి. వాటిని ఏరేయాలంటే ఎఫ్ఎఫ్‌టీకి ముందరి కాంప్లెక్స్ డేటా దాచి ఉండాలి.

సిగ్నల్-నాయిస్ నిష్పత్తిని మాత్రమే నమ్మి ప్రతిధ్వని బలం చెప్పకండి. ఈ ఫ్రీక్వెన్సీలో నాయిస్ ప్రధానంగా పాలపుంతది. క్యాసియోపియా-ఏ అనే బలమైన రేడియో మూలం బీమ్‌లోకి వచ్చినప్పుడు నాయిస్ పెరిగి, పొర బలహీనపడినట్టు భ్రమ కలుగుతుంది. రిసీవర్‌కు తెలిసిన నాయిస్ సోర్స్ ఇచ్చి కాలిబ్రేట్ చేసి, ఘనపరిమాణ పరావర్తకతలోకి (ఒక ఘనపరిమాణం ఎంత బలంగా ప్రతిధ్వనిస్తుందో చెప్పే కొలతలోకి) మార్చండి. ప్రశాంతమైన రోజున అదే నక్షత్ర కాలానికి (ఆకాశంలో అదే భాగం పైన ఉండే వేళకు) వచ్చిన నాయిస్‌తో పోల్చినప్పుడు తగ్గుదల కనిపిస్తే, డీ-రీజియన్ (సుమారు 60–90 కి.మీ. ఎత్తులోని అయనీకరణ పొర) సిగ్నల్‌ను పీల్చుకుంటోందని అర్థం. ఆ గంటల బలం అంకెలను సరిదిద్దకుండా సగటులో కలపవద్దు.