ఉపాధ్యాయుల శిక్షణకు కమ్యూనిటీ ఫౌండేషన్ గ్రాంటు: దరఖాస్తు రాసే పద్ధతి

దాతలు తలా కొంత ఇచ్చిన సొమ్మును ఒక్కచోట చేర్చి, మదుపు చేసి, వచ్చే రాబడిని తమ ప్రాంతపు అవసరాలకే గ్రాంట్లుగా పంచే ప్రజాహిత సంస్థను కమ్యూనిటీ ఫౌండేషన్ అంటారు. ఇటువంటి మొదటి సంస్థను 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు నెలకొల్పారు. ఎప్పుడో కన్నుమూసిన దాత వీలునామాలో పెట్టిన షరతుకు కాలం చెల్లినా, ఆ సొమ్మును మరో పనికి వాడే వీలు లేకపోవడం ఆయన గమనించిన చిక్కు. అందుకే నేటి అవసరాన్ని నేటి పౌరులే నిర్ణయించేలా ఒక కమిటీని ఏర్పాటు చేశారు. దరఖాస్తు రాసేవారికి ఈ చరిత్రతో పని ఉంది. మీ కాగితాలు చదివే కమిటీలో ఉపాధ్యాయులు ఒకరిద్దరికి మించి ఉండకపోవచ్చు. మిగిలినవారు వ్యాపారులో, న్యాయవాదులో, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలో అయి ఉంటారు. బోధనాశాస్త్ర పరిభాష వారికి కొరుకుడు పడదు గాని, పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో చెబితే వెంటనే అర్థమవుతుంది.

కలం పట్టేముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. చాలా ఫౌండేషన్లు వ్యక్తులకు నేరుగా డబ్బు ఇవ్వవు కాబట్టి, గ్రాంటు మీ పేరున వస్తుందా, పాఠశాల పేరున వస్తుందా అన్నది మొదటిది. పాఠశాల పేరున అయితే ప్రధానోపాధ్యాయుల అంగీకార పత్రం ముందే తీసుకోవాలి. ఒకే ఫౌండేషన్‌లో విద్యకు ప్రత్యేకించిన నిధి, దాత సూచన మేరకు ఖర్చయ్యే నిధి, ఏ అవసరానికైనా వాడగల సాధారణ నిధి వేర్వేరుగా ఉంటాయి గనుక, మీ పని వాటిలో దేనికి సరిపోతుందన్నది రెండోది. ఇది వెబ్‌సైటులో స్పష్టంగా లేకపోతే గ్రాంట్ల అధికారికి ఫోన్ చేసి అడగడంలో తప్పేమీ లేదు, వారి ఉద్యోగంలో అదీ ఒక భాగమే. మూడోది తేదీలు. ఇప్పటికే జరిగిపోయిన శిక్షణకు సాధారణంగా డబ్బు ఇవ్వరు కాబట్టి, గ్రాంటు ప్రకటించే తేదీ తరువాతే కార్యక్రమం మొదలయ్యేలా చూసుకోవాలి.

దరఖాస్తుకు ప్రాణం అవసరాన్ని వివరించే పేరాలో ఉంటుంది. చాలామంది దాన్ని ఇలా మొదలుపెడతారు: ‘మా ఉపాధ్యాయుల వృత్తి నైపుణ్యాలను మెరుగుపరచి విద్యా ప్రమాణాలను పెంపొందించుటకు ఈ శిక్షణ ఎంతో దోహదపడుతుంది.’ ఏ పాఠశాల పేరు పెట్టినా చెల్లే వాక్యం ఇది, అందుకే ఏ పాఠశాలకూ పనికిరాదు. దానికి బదులు ఒక పిల్లవాడి నోటుపుస్తకం తెరవండి. అయిదో తరగతిలో సగానికీ మూడో వంతుకూ మొత్తం ఎంత అని అడిగితే, లవాలను కలిపి పైన 2, హారాలను కలిపి కింద 5 వేశాడనుకుందాం. అయిదింట రెండు వంతులంటే సగం కన్నా తక్కువ; సగానికి మరికొంత కలిపితే సగం కన్నా తగ్గడమేమిటన్న సందేహం ఆ పిల్లవాడికి రాలేదు. తరగతిలో ఎంతమంది ఇదే పొరపాటు చేశారో లెక్కపెట్టి ఆ అంకె రాయండి. లెక్క చేసే తీరును మేము చెబుతున్నామే గాని, భిన్నం ఎంత పరిమాణమో పిల్లలకు కళ్లకు కట్టేలా చూపలేకపోతున్నామని నిజాయితీగా ఒప్పుకోండి. ఉపాధ్యాయుడు తన లోటును తానే రాసుకోవడం దరఖాస్తును బలహీనపరుస్తుందని కొందరు జంకుతారు; నా దృష్టిలో శిక్షణ ఎందుకన్న ప్రశ్నకు అంతకన్నా నమ్మదగిన జవాబు లేదు.

తరువాత శిక్షణ రూపం. ఒక్కరోజు వర్క్‌షాపు కోసం అడగకపోవడమే మంచిది. అమెరికా విద్యాశాఖ కోసం 2007లో వెలువడిన ఒక సమీక్షలో 1,300కు పైగా అధ్యయనాలను జల్లెడ పడితే, కఠిన ప్రమాణాలకు నిలిచినవి 9 మాత్రమే. వాటిలో 14 గంటలకు మించి సాగిన శిక్షణల్లోనే విద్యార్థుల ఫలితాలపై చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించింది. కాబట్టి రెండు రోజుల తరగతులతో మొదలుపెట్టి, విద్యా సంవత్సరం పొడవునా నెలకోసారి ఒకరి పాఠాన్ని మరొకరు చూసి చర్చించుకునే ప్రణాళిక రాయండి. ఎవరు, ఏ నెలలో, ఎన్ని గంటలు అన్నది ఒక చిన్న పట్టికలో చూపితే చాలు.

బడ్జెట్‌లో శిక్షకుల రుసుము, ప్రయాణం, సామగ్రి అందరూ రాస్తారు. మరచిపోయేది, శిక్షణకు వెళ్లిన ఉపాధ్యాయుడి పీరియడ్లు ఎవరు తీసుకుంటారన్నది. ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుడికి ఇచ్చే వేతనం బడ్జెట్‌లో లేకపోతే, ఆ భారం తోటి ఉపాధ్యాయుల నెత్తిన పడి, మూడో నెలకల్లా కార్యక్రమం మూలపడుతుంది. ప్రతి పద్దు పక్కన లెక్క వచ్చిన తీరు చూపాలి: ఆరుగురు ఉపాధ్యాయులు, ఒక్కొక్కరికి నాలుగు పూటలు, మొత్తం 24 పూటలు. పాఠశాల తన వంతుగా ఇచ్చే గదిని, సమయాన్ని కూడా అక్కడే పేర్కొనండి.

ఫలితాల కొలత విషయంలో, శిక్షణ ముగిశాక నింపించుకునే అభిప్రాయ పత్రాలతో సరిపెట్టకూడదు. భోజనం బాగున్నా అందులో మార్కులు పెరుగుతాయి. భిన్నాలపై పది ప్రశ్నలు తయారుచేసి, శిక్షణకు ముందూ సంవత్సరాంతంలోనూ ఒకే స్థాయిలో పరీక్షించి, పొరపాట్ల రకాలను పోల్చండి. పిల్లల రాతపనిని నివేదికకు జతచేసేటప్పుడు పేర్లు తొలగించి, తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.

గ్రాంటు మంజూరైతే ఒప్పందాన్ని ఆసాంతం చదివి, దాని ఖర్చుకు వేరే ఖాతాపుస్తకం పెట్టి, రసీదులన్నీ భద్రపరచండి. శిక్షకులు మారినా, తేదీలు మారినా, ఒక పద్దు సొమ్ము మరో పద్దుకు మార్చవలసి వచ్చినా, ఖర్చు పెట్టకముందే లిఖితపూర్వకంగా అనుమతి కోరాలి. మంజూరు కాకపోతే కమిటీ అభిప్రాయాలను మర్యాదగా అడిగి, తదుపరి విడత గడువు తేదీని రాసిపెట్టుకుని, ఆ లోపు మరో తరగతి నోటుపుస్తకాలు కూడా చూసి లెక్కను తాజా చేయండి.