బ్యాంకాక్‌కి డాలర్లా, బాత్‌లా: నాకు కుదిరిన పద్ధతి

శ్రీకాకుళం నుంచి థాయ్‌లాండ్ బయల్దేరే ప్రతివాళ్ళూ ఇదే అడుగుతున్నారు: బాత్‌లు (థాయ్ కరెన్సీ) ఇక్కడే కొనాలా, డాలర్లు పట్టుకెళ్ళి అక్కడ మార్చాలా అని. నాకూ అదే టెన్షన్. బ్యాంకులో అడిగాను, మా బావని అడిగాను, వీడియోలు చూశాను; తలో మాట చెప్పారు.

తేలింది ఇలా. విశాఖలో ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) షాపుకి ఫోన్ చేసి డాలర్ అమ్మే రేటు, బాత్ అమ్మే రేటు రెండూ అడిగాను. అన్ని చార్జీలూ కలిపే చెప్పమన్నాను. తర్వాత బ్యాంకాక్ మనీ చేంజర్ల సైట్‌లో వంద డాలర్ల నోటుకి ఎన్ని బాత్‌లు ఇస్తారో చూశాను. లెక్క కోసం డాలర్ 86, బాత్ 2.80 రూపాయలు అనుకోండి. 8,600 రూపాయలకి ఇక్కడే బాత్ కొంటే 3,071 వస్తాయి. అదే డబ్బుకి వంద డాలర్లు పట్టుకెళ్తే, అక్కడ డాలర్‌కి 32.5 బాత్‌లు ఇస్తే, 3,250. రెండుసార్లు మార్చినా డాలరే నయం!

అందుకే మడత, చిరుగు లేని వంద నోట్లే ఏరి తీసుకున్నాను. చిన్న నోట్లకి అక్కడ రేటు తక్కువ. ఎయిర్‌పోర్టులో టాక్సీకి సరిపడా మాత్రమే మార్చి, మిగతావి ఊళ్ళో మార్చాను. పాస్‌పోర్టు అడుగుతారు, జేబులోనే ఉంచుకోండి.

కార్డు గీకినప్పుడు మెషిన్ రూపాయలా, బాత్‌లా అని అడిగితే బాత్‌లే నొక్కాను. రూపాయలంటే వాళ్ళ రేటు వాళ్ళిష్టం.

ఇది అన్ని దేశాలకీ పనికొస్తుందని చెప్పలేను. కంబోడియాలో అయితే డాలర్లే నేరుగా ఖర్చు పెట్టొచ్చు. దుబాయ్ వెళ్ళేవాళ్ళు మాత్రం దిర్హమ్ రేటుతో మళ్ళీ లెక్క వేసుకోండి, ఇక్కడే కొంటే లాభం కావచ్చు.