డిప్రెషన్ ట్రయల్‌లో చేరుతున్నారా? రెండు విజిట్ల మధ్య రోజుల్ని జాగ్రత్తగా చూసుకోండి

డిప్రెషన్‌కి కొత్త మందు ట్రయల్‌లో మీరో, మీ ఇంట్లోవాళ్లో చేరబోతుంటే మొదటి మాత్ర వేసుకోకముందే ఇది ఒకసారి చదవండి. ట్రయల్ టీమ్ మిమ్మల్ని చూసేది మొదట్లో వారానికోసారి, తర్వాత రెండు వారాలకో నెలకో ఒకసారి, అదీ గంటో రెండు గంటలో. మిగతా కాలమంతా ఇంట్లోనే గడుస్తుంది. ఆ రోజుల్లో ఏం జరిగిందో మీరు చెబితేనే వాళ్లకి తెలుస్తుంది.

మా అక్క ఇలాంటి ట్రయల్‌లో ఉన్నప్పుడు ప్రతి విజిట్‌లో "బాగానే ఉందండి" అనేది. అంత ఓపిగ్గా చూస్తున్న డాక్టరుగారికి బాలేదని ఎలా చెప్పాలా అని మొహమాటం. ఇంటికొచ్చాక మాత్రం ఒకచోట కూర్చోలేక రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరిగేది, ఒంట్లో ఏదో తొలిచేస్తున్నట్టు ఉందనేది, అది జబ్బే అనుకున్నాం మేమంతా. నాలుగో వారంలో గానీ అసలు సంగతి బయటపడలేదు. దాన్ని అకథీసియా అంటారు, మందు వల్ల వచ్చే సైడ్ ఎఫెక్ట్, డోసు మార్చగానే తగ్గిపోయింది. మొదటి వారమే చెప్పి ఉంటే ఆ మూడు వారాల నరకం తనకి ఉండేది కాదు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మందు మొదలుపెట్టడానికి ముందు ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాయండి. ఎన్ని గంటలు నిద్రపోయారు, ఆకలి ఎలా ఉంది, బరువెంత, తలనొప్పి, కడుపులో తిప్పడం, చేతుల వణుకు, చిరాకు లాంటివి ముందునుంచే ఉన్నాయా అన్నది. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఎంత తరచుగా వస్తున్నాయో కూడా రాయాలి, ఇది రాయడం కష్టమే, అయినా రాయండి. ఈ వారం లెక్క లేకపోతే తర్వాత వచ్చిన తలనొప్పి మందుదా, పాతదా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లన్నీ చెప్పండి, అంటే షాపులో అడిగి కొనుక్కునే దగ్గు సిరప్‌లు, నొప్పి మాత్రలు, మూలికల మందులు కూడా. మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందుకి డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ అనే నొప్పి మందు, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక లాంటివి తోడైతే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు, అంటే ఒంట్లో సెరటోనిన్ మితిమీరిపోవడం. ఒళ్లు కాలిపోవడం, విపరీతంగా చెమటలు, వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, విరేచనాలు, తికమక మాటలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం (సెరటోనిన్ పెంచే) డిప్రెషన్ మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పాత మందు మానేసి కొంతకాలం ఖాళీ ఉంచాలని ట్రయల్‌లో చెబుతారు, సాధారణంగా ఎంఏఓఐ అనే పాతకాలపు డిప్రెషన్ మందుల రకానికి కనీసం 14 రోజులు, ఫ్లూయాక్సెటిన్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ నుంచి ఎంఏఓఐకి మారాలంటే 5 వారాలు. పాత మందుని మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆ ఖాళీ రోజుల్లో జబ్బు తిరగబెట్టొచ్చు, అప్పుడు కూడా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది మొదటి కొన్ని వారాలు, ఆ తర్వాత డోసు మార్చిన ప్రతిసారీ. మామూలు డిప్రెషన్ మాత్రలతో మనసు కుదుటపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం మొదటి రోజుల్లోనే వచ్చేస్తాయి. కొందరిలో మనసు ఇంకా తేలికపడకముందే ఒంట్లో చురుకు వస్తుంది, ఆత్మహత్య ఆలోచనలున్న మనిషికి అది ప్రమాదం. పిల్లల్లో, టీనేజర్లలో ఈ మందులతో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో గట్టి హెచ్చరిక పెట్టింది, 2007లో దాన్ని 18 నుంచి 24 ఏళ్ల యువతకీ చేర్చింది. అలాగని పెద్దవాళ్ల విషయంలో నిశ్చింతగా ఉండమని కాదు. ట్రయల్‌లో పోల్చి చూడటానికి కొందరికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్త మాత్ర ఇస్తారు, అది వచ్చినవాళ్లకి కూడా జబ్బు ముదరొచ్చు, ఏది వేసుకుంటున్నారో మీకూ తెలీదు, మీ డాక్టరుకీ తెలీదు, కాబట్టి "నాది ఉత్త మాత్రేలే" అనుకుని ఏదీ వదిలేయకండి.

ఇంట్లో ఒకరిని ముందే అనుకోండి, రోజూ చూసి రెండు ముక్కలు రాసేది వాళ్లే. కొత్తగా కోపం, కాలు నిలవకపోవడం, నిద్ర పట్టకపోవడం, వస్తువులు పంచేయడం, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడటం గమనిస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఒట్టి భయం. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు, ప్రమాదకరమైనవి అందకుండా దాచండి, ట్రయల్ కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేయండి, ఎత్తకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ ఆ కార్డు చూపించాలి, ప్రాణం మీదికొస్తే ఏ మందు ఇస్తున్నారో కోడ్ విప్పి చెప్పే ఏర్పాటు ఉంటుంది. ట్రయల్‌లో చేరకముందే ఆ నంబరుకి ఒకసారి రింగ్ చేసి చూసుకోండి, రాత్రిపూట కూడా.

ఇంకో మార్పుని ఇంట్లోవాళ్లు దాదాపు ఎప్పుడూ పొరబడతారు. రెండు మూడు గంటలే నిద్రపోయి కూడా అలసట లేదు, గడగడా మాట్లాడుతున్నారు, డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చుపెడుతున్నారు. నెలల తరబడి మంచం దిగని మనిషి ఇలా లేచి తిరుగుతుంటే నయమైపోయిందని అందరం సంతోషిస్తాం. అది మేనియా, అంటే మనసు అదుపు తప్పి అతిగా ఉత్సాహపడే స్థితి, మొదలు కావచ్చు, ఆ రోజే ఫోన్ చేయండి. పెద్ద వయసువాళ్లలో తికమక, తూలిపడటం కనిపిస్తే ఈ మందుల వల్ల రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయిందేమో పరీక్ష చేయించాలి.

ప్రతి విజిట్‌లో ప్రశ్నల పత్రాలు ఉంటాయి, పీహెచ్‌క్యూ-9 అయితే 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, మాంట్‌గోమరీ-ఆస్బర్గ్ స్కేలుకి 10 అంశాలు, 60 మార్కులు. మార్కులు ఎక్కువైతే జబ్బు ఎక్కువని. పీహెచ్‌క్యూ అడిగేది గత రెండు వారాల గురించి, ఆ పొద్దున మీకెలా ఉందన్నది కాదు. నోట్‌బుక్ చూసి చెప్పండి. మార్కులు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టు లెక్కేస్తారు, అయితే నిద్ర, ఆకలి బాగుపడి మొత్తం తగ్గుతున్నా చావు గురించి అడిగే పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్నలో మార్కు పెరగొచ్చు. మొత్తం బాగుందని సరిపెట్టుకోకుండా ఆ ఒక్కదాన్నీ విడిగా చూడమని అడగండి. నిజం చెబితే ట్రయల్‌లోంచి తీసేస్తారేమో అన్న భయం ఉంటుంది, తీసేసినా అది మీ ప్రాణం కోసమే.

ఎప్పుడైనా ట్రయల్‌లోంచి బయటికి రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మందు మాత్రం ఒక్కసారిగా ఆపకండి, తలతిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపులు, చిరాకు రావచ్చు. ట్రయల్ అయిపోయాక వైద్యం ఎవరు చూస్తారు, అదే మందు దొరుకుతుందా అన్నది కన్సెంట్ ఫారంలో సంతకం పెట్టకముందే అడిగి రాయించుకోండి. చివరి మాత్ర తర్వాత కూడా కొన్ని వారాలు నోట్‌బుక్ ఆపకండి, చాలామంది ఇళ్లలో అందరూ హమ్మయ్య అనుకుని చూడటం మానేసేది అప్పుడే.