గురకకు వైద్యం చేస్తే నిద్రలో నడక ఆగింది

నిద్రలో లేచి తిరుగుతున్నానని మా ఆవిడ చెబితేనే నాకు తెలిసేది. కళ్లు తెరిచే ఉంటాయట, పిలిస్తే మాత్రం పలకనట. ఓ రాత్రి గడియ తీసి మెట్ల దాకా వెళ్లేసరికి ఇక లాభం లేదని నిద్ర వైద్యుణ్ణి కలిశాం. ఆయన నడక సంగతి పక్కనపెట్టి ముందు గురక గురించి అడిగారు.

ఆయన చేయించమన్న స్లీప్ స్టడీ (నిద్రలో చేసే పరీక్ష) అంటే తల నిండా వైర్లు, ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. అన్నీ తగిలించుకుని నిద్రపోవడమే గొప్ప! స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే సమస్య అని తేలింది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడుతుంది. అది గాఢనిద్రలో జరిగితే ఒళ్లు లేస్తుంది, తెలివి లేవదు. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలోనే ఎక్కువ, నడక కూడా అప్పుడే. తెల్లవారుజామున కలలో కొట్లాడుతూ కాళ్లూ చేతులూ విసిరేవాళ్లది చాలావరకు వేరే సమస్య, కలలు ఎక్కువగా వచ్చే దశ అయిన ఆర్‌ఈఎం నిద్రకు సంబంధించింది.

ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం పెట్టారు. దాని మాస్కుతో మొదట్లో ముక్కు ఎండిపోయేది. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టాక సర్దుకుంది. నడక క్రమంగా తగ్గి ఆగిపోయింది. అందరికీ కారణం ఇదే కావాలని లేదు. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రల వల్ల కూడా కొందరు నడుస్తారు, కాబట్టి వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి.