గుంత పూడాలంటే ముందు రోడ్డు ఎవరిదో తేల్చండి

పాల క్యాన్లు బండికి కట్టుకుని రోజూ ఇదే రోడ్డు మీద తిరుగుతాను. ఒక ఆఫీసుకెళ్తే మాది కాదన్నారు, ఇంకో ఆఫీసూ అదే పాట.

కాబట్టి ముందు రోడ్డు మొదట్లో ఉన్న బోర్డు చూడండి. మా ఊళ్లో దానిమీద సినిమా పోస్టరుంటే గీకి చదివాను. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన అని ఉంటే పని పూర్తయిన తేదీ రాసుకోండి. అక్కణ్నుంచి 5 ఏళ్లు మరమ్మతు ఆ కాంట్రాక్టరుదే.

తిరకాసంతా డబ్బు దగ్గరే. మన రెండు రాష్ట్రాల్లో ఈ రోడ్డు వేయడానికి కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెడతాయి. నిర్వహణ ఖర్చు మాత్రం రాష్ట్రమే భరించాలి. కొత్త రోడ్డుకైతే శిలాఫలకం, కొబ్బరికాయ. గుంత పూడిస్తే ఎవరు కొడతారండీ కొబ్బరికాయ?

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ఆంధ్రాలో మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆపైన 10. "ఎప్పుడు బాగుచేస్తారు" అని రాయకండి. ఒప్పందం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), నిర్వహణ బిల్లుల నకళ్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

నాకొచ్చిన కాగితాల్లో మా గుంత రెండుసార్లు పూడిపోయింది! ఫొటో జతచేసి సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇచ్చి, రసీదు తీసుకున్నాను.